ఫెరిదున్ బే హలాల్ అడగడానికి వచ్చిన రోజు

ఫెరిదున్ కిజిల్చాయ్ గుండె ఆపరేషన్‌కి అంకారా వెళ్తున్నాడని తెలియగానే ఊరంతా అయ్యో పాపం అంది. నేను మాత్రం "వాడికి గుండె ఉందని డాక్టర్లు ఎలా కనిపెట్టారో!" అన్నాను. నా టీ అంగడిలో కూర్చున్నవాళ్ళలో కొందరు ఫక్కున నవ్వారు, నవ్వినందుకు భయపడి చుట్టూ చూసుకున్నారు. మా ఆయన నజ్మీ నవ్వలేదు. ట్రే అందుకుని, ఎదురు వరసలో బట్టల కొట్టువాళ్ళకి టీలు ఇవ్వడానికి వెళ్ళిపోయాడు.

ఈ నజ్మీ ఒకప్పుడు పార్టీ ప్రచార వ్యాను నడిపేవాడు. వ్యాను మాదే, దాని నెత్తిన బిగించిన రెండు పెద్ద లౌడ్‌స్పీకర్లూ మావే. ఎన్నికల రోజుల్లో "ప్రియమైన పురజనులారా!" అని ఆయన గొంతు వీధిలోకి వచ్చిందంటే వంటిళ్ళలో ఆడవాళ్ళు పొయ్యి తగ్గించి కిటికీల దగ్గరికి పరుగెత్తేవాళ్ళు. పెళ్ళికి ముందు ఆ కిటికీలవాళ్ళలో నేనూ ఒకదాన్ని, దాచడమెందుకు? ఇప్పుడు ఆ మనిషి టీ గ్లాసులు మోస్తాడు. "చక్కెర ఒకటా, రెండా?" అని అడుగుతాడు, అంతే. అంతకు మించి ఆయన నోట మాట రప్పించాలంటే నాకే తలప్రాణం తోకకి వస్తుంది.

ఇదంతా ఎవరి పుణ్యమో చెప్తాను వినండి.

ఫెరిదున్ హేజల్‌నట్ వ్యాపారి కొడుకు. అంకారాలో లా చదివి, చంకలో నల్లకోటుతో తిరిగొచ్చాడు. ఊళ్ళోవాళ్ళు గౌరవంగా పేరు చివర 'బే' తగిలించారు. వచ్చీ రావడంతోనే ప్రతిపక్షంలో చేరాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ప్రతిపక్షంలో చేరడమంటే, నీకు రోడ్డు కాంట్రాక్టు రాదు, నీ కొడుక్కి ఆఫీసులో ఉద్యోగం రాదు అని ఒప్పుకున్నట్టే. అందుకే జనం "మగాడంటే వీడురా!" అనుకున్నారు. ఎన్నికల్లో నిలబడ్డాడు, ఓడాడు. మళ్ళీ నిలబడ్డాడు, మళ్ళీ ఓడాడు. ఓడిన ప్రతిసారీ కూడలిలో నిలబడి భోరుమనేవాడు. ఆ ఏడుపు చూసి జాలిపడి ఇంకో పదిమంది పార్టీలో చేరేవాళ్ళు. మాటకారితనం మాత్రం ఉంది, కాదనను. మైకు ముందు వాడు "న్యాయం" అంటే నా ఒళ్ళు కూడా జలదరించేది. ఊళ్ళో ఎవరు పోయినా వచ్చి శవపేటికకి భుజం పట్టేవాడు. ఏ పక్కన పట్టినా మొహం ఫోటో తీసేవాడి వైపే ఉండేది. ఆ సంగతి నేను చాలా ఆలస్యంగా గమనించాను.

తొమ్మిదేళ్ళ కిందట పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. ఆ ఏడు హేజల్‌నట్ రేటు పాతాళానికి పడిపోయింది. రైతులు కాయలు బస్తాల్లోనే పెట్టుకుని కడుపు మండి ఉన్నారు. సభ కూడలిలో. పొద్దుటినుంచీ ఒకటే వాన, మా నల్లసముద్రం వాన మీకు తెలిసిందేగా, మొదలుపెడితే మనిషిని ఎముకల దాకా తడిపి గానీ వదలదు. జనం గొడుగులేసుకుని నిలబడ్డారు. ఫెరిదున్ మాత్రం కొత్త సూటు తడిసిపోతుందని వ్యాను పైకెక్కలేదు. లోపల సీట్లో కూర్చుని, కిటికీ పరదాలు లాగేసి, మైకు అందుకున్నాడు. నజ్మీ స్టీరింగు ముందు కూర్చున్నాడు. చప్పట్లు మోగేకొద్దీ ఫెరిదున్‌కి పూనకం వచ్చింది.

"గవర్నరు కుర్చీలో కూర్చున్నది మనిషి కాదు! దొంగల ముఠాకి కాపలా కుక్క! మీ చెమట వాళ్ళు మింగుతుంటే తోకాడించే కుక్క!"

గొడుగులన్నీ ఎగిరిపడ్డాయి. నేనూ అరిచాను, గొంతు పోయేలా అరిచాను. మర్నాడు పోలీసులు వచ్చారు. ప్రభుత్వాధికారిని అవమానించిన నేరం. వాళ్ళు చేసుకున్న రికార్డింగులో ఉన్నది వాన చప్పుడు, బొంగురు లౌడ్‌స్పీకర్లోంచి వచ్చిన ఒక మగగొంతు. మాట్లాడింది ఎవరో తేల్చాలి. ఫెరిదున్ మీద నేరం రుజువైతే పోటీకి పనికిరాడు.

కోర్టులో ఏమన్నాడో తెలుసా? "అయ్యా, మైకు వ్యాను యజమాని దగ్గరే ఉంది. ఆవేశంలో నోరు జారాడు. చదువు లేనివాడు, కాస్త కనికరించండి" అన్నాడు. కనికరం కూడా వాడే అడిగాడండీ! జడ్జి నజ్మీని చూసి, నువ్వేమంటావు అని అడిగాడు. నజ్మీ ఫెరిదున్ వైపు చూశాడు. "ఫెరిదున్ బే లాయరండీ, ఆయనకే తెలుస్తుంది" అన్నాడు. నేను వెనక బెంచీలో ఉండిపోయాను గానీ, పక్కన ఉంటే ఆ చెంపా ఈ చెంపా వాయించేదాన్ని. అంతకుముందెప్పుడో ఫ్యాక్టరీ సమ్మెలో అరిచినందుకు నజ్మీ మీద ఒక పాత శిక్ష వాయిదాలో ఉంది. అదీ ఇదీ కలిపి లోపల పడేశారు.

కూడలిలో ఆ మాటలు విన్నవాళ్ళు వందలమంది. ఫెరిదున్ గొంతుకీ నజ్మీ గొంతుకీ తేడా మా వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు. సాక్ష్యానికి రమ్మని ఇంటింటికీ తిరిగాను. మంగలి రెమ్జీ "వానలో సరిగా వినపడలేదు వదినా" అన్నాడు. మందుల షాపాయన "నేను ఆ టైముకి లోపల ఉన్నాను" అన్నాడు. నా గొడుగు కింద నాతో పాటు నిలబడి అరిచినవాడు అలా అన్నాడు!

ఫెరిదున్ గెలిచాడు. ఎంపీ అయ్యాడు. జైలుకి ఒక్కసారి కూడా రాలేదు. పండగకి పార్టీ తరఫున బక్లావా మిఠాయి డబ్బా పంపించాడు, నేను దాన్ని డబ్బాతో సహా రేవులో సీగల్ పక్షులకి వేసి వచ్చాను. నజ్మీ లోపల ఉండగానే మా అత్తగారు పోయింది. కొడుకుని చివరి చూపుకి పంపించలేదు. మరి ఆవిడ శవపేటిక ముందు కొస పట్టింది ఎవరనుకున్నారు? ఫెరిదున్! నల్ల కళ్ళజోడు పెట్టుకుని, ఫోటోవాడి వైపు మొహం తిప్పుకుని. ఆ ఫోటో మర్నాడు పేపర్లో వచ్చింది, "కార్యకర్త కుటుంబానికి అండగా" అని. నేను ఆడవాళ్ళతో వెనక నిలబడి పళ్ళు కొరుక్కున్నాను.

నజ్మీ బయటికి వచ్చాక, జైలుకెళ్ళినవాడితో ప్రచారం చేయిస్తే బాగుండదని పార్టీవాళ్ళు మొహం చాటేశారు. వ్యాను అమ్మేసి టీ అంగడి పెట్టుకున్నాం. ఇక ఫెరిదున్ రెండోసారీ ఎంపీ అయ్యాడు. అంకారా టీవీల్లో కూర్చుని నిర్దోషులు జైళ్ళలో మగ్గిపోతున్నారని గుండెలు బాదుకునేవాడు. నేను టీవీకి సమాధానం చెప్పేదాన్ని, నజ్మీ లేచి టీవీ కట్టేసేవాడు. ఈ ఏడు మేయరు పదవికి నిలబడ్డాడు. గోడలనిండా వాడి బొమ్మే, కింద "మచ్చలేని మనిషి" అని.

నాకు కావలసింది ఒక్కటే. వాడు జనం ముందు నిలబడి "ఆ మాటలు నావి" అనాలి. అంతే. ఆ కేసు ఎప్పుడో చల్లారిపోయింది, అన్నా వాడి వెంట్రుక కూడా ఊడదు. నజ్మీ మాత్రం నలుగురిలో తలెత్తుకుని తిరుగుతాడు.

ఆపరేషన్‌కి రెండు రోజుల ముందు పార్టీ కార్యదర్శి ఎర్జుమెంత్ నా అంగడికి వచ్చాడు. జుట్టుకి జిడ్డు, మాటకి తేనె పూసుకుని తిరిగే మనిషి. పార్టీవాళ్ళంతా ఫెరిదున్‌ని బాష్కాన్ అంటారు, అంటే అధ్యక్షుడని.

"ముషెర్రెఫ్ వదినా, రేపు బాష్కాన్ మీ అంగడికే వస్తున్నారు. నజ్మీ అన్నతో హలాల్ చేసుకుంటారట. అందర్నీ వదిలి ముందు మీ దగ్గరికే!"

మా దగ్గర హజ్‌కి వెళ్ళేవాడైనా, కత్తి కిందికి వెళ్ళేవాడైనా ముందు హలాల్ చేసుకుంటాడు. "నా మీద నీకున్న హక్కు వదిలెయ్యి" అని అడుగుతాడు, ఎదుటివాడు "హలాల్, వదిలేశాను" అంటాడు. తర్వాత ఇతనూ అతని మీదున్న తన హక్కు వదులుకుంటాడు. సాటిమనిషికి చేసిన అన్యాయాన్ని ఆ మనిషి వదలందే దేవుడు కూడా వదలడు. అందుకే చావుబతుకుల్లో ఉన్నవాడు అడిగితే ఎంత పగవాడైనా కాదనడు. ఫెరిదున్‌కి ఆ సంగతి బాగా తెలుసు.

"ఎన్నికల ముందే గుర్తొచ్చిందా మీ బాష్కాన్‌కి దేవుడు?" అన్నాను.

"ఏంటి వదినా, మనిషి పోయేట్టున్నాడు..."

"పోతే పోనీ. ఆ మాటలు తనవని పదిమందిలో చెప్పమను. చెప్తే నేనే ముందు హలాల్ చేస్తా, టీ కూడా పోస్తా."

ఎర్జుమెంత్ నీళ్ళు నమిలాడు. "చెప్తారులే వదినా. నేను మాట్లాడతాగా" అంటూ జారుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో నజ్మీతో గొడవపడ్డాను. ఆయన బీన్స్ ఈనెలు తీస్తూ కూర్చున్నాడు.

"వాడు చెప్పేదాకా నువ్వు నోరు తెరవకు" అన్నాను.

"చావబోయేవాడితో బేరం ఆడమంటావా?"

"బేరమా! ఏడాది జైల్లో కూర్చున్నది ఎవరు? మీ అమ్మని మట్టిలో పెడుతుంటే లేనిది ఎవరు?"

"నేనే. అందుకే అది నా హక్కు. నాకు మొయ్యడం కష్టంగా ఉంది ముషెర్రెఫ్. వదిలేస్తా" అన్నాడు. గిన్నె ఎత్తి సింకులో కుదేశాను.

మర్నాడు మధ్యాహ్నం నమాజు అయ్యాక వచ్చారు. బయట కొత్త ప్రచార బస్సు ఆగింది, దాని లౌడ్‌స్పీకర్లలో ఫెరిదున్ మీద కట్టిన పాట. అంగడి కిటకిటలాడిపోయింది. మంగలి రెమ్జీ, మందుల షాపాయన, మసీదులో నమాజు చేయించే హోజా, అందరూ హాజరు. ఎర్జుమెంత్ ఫోను ఎత్తి పట్టుకుని లైవ్ మొదలుపెట్టాడు. ఫెరిదున్ చిక్కిపోయాడు, పెదాలు నల్లబడ్డాయి. చెయ్యి గుండె మీద పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు.

"చెల్లెమ్మా! నీ చేతి టీ తాగి ఎన్నాళ్ళయిందో!"

"దారి ఇటే ఉంది. కాళ్ళే రాలేదు" అన్నాను.

వాడు విననట్టు నజ్మీని కావలించుకున్నాడు. "తమ్ముడూ! ఈ రాత్రే బయలుదేరుతున్నా. లేచి వస్తానో రానో దేవుడికెరుక. ఇద్దరం ఒకే వ్యానులో తిరిగాం, ఒకే రొట్టె తిన్నాం. పొరపొచ్చాలు ఉంటే ఉన్నాయి. నా మీద నీకున్న హక్కు హలాల్ చెయ్యి."

పొరపొచ్చాలట! నేను వాడి మొహంలోకి చూస్తున్నాను. చెప్పు, ఇప్పుడు చెప్పు. వాడు నా వైపు చూడలేదు, ఫోను వైపు చూశాడు. ఎర్జుమెంత్ నా వైపు వీపు తిప్పాడు.

"హలాల్, బాష్కాన్. వదిలేశాను" అన్నాడు నజ్మీ.

అందరూ హమ్మయ్య అన్నారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నా కళ్ళు చెమర్చాయి, ఆనందంతో కాదు, ఒళ్ళు మండి. ఇన్నేళ్ళ పాట్లు ఒక్క మాటతో వాడి జేబులో పడ్డాయి. అంతటితో ఊరుకున్నా బాగుండేది. వాడు ఊరుకోలేదు, ఫోను వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు. ఆనవాయితీ రెండు వైపులా కదా!

"నేనూ నా తమ్ముడు నజ్మీకి మనస్ఫూర్తిగా హలాల్ చేస్తున్నాను. ఆ రోజు వాడు నోరు జారడం వల్ల నాకూ పార్టీకీ ఎంత చెడ్డపేరు వచ్చినా, ఇవాళ్టితో నా హక్కు వదిలేశాను."

నాకు చెవులు గింగుర్లెత్తాయి. నేను నోరు తెరిచేలోగా నజ్మీ చేతిలో ఉన్న ట్రే బల్ల మీద పెట్టాడు.

"ఏ హక్కు, బాష్కాన్?"

"అంటే?"

"నా మీద మీకున్న హక్కు వదిలేశానన్నారుగా. ఏది వదిలేశారో నాకు తెలియాలిగా."

ఫెరిదున్ నవ్వాడు. "మాటవరసకి అన్నాలే నజ్మీ."

నజ్మీ మూల బల్ల వైపు తిరిగాడు. "హోజా, హలాల్ మాటవరసకి చేస్తారా?"

హోజా గడ్డం నిమురుకున్నాడు. ఇందులో ఇరుక్కోవడం ఆయనకి బొత్తిగా ఇష్టం లేదు. "చెయ్యరు నాయనా" అన్నాడు చివరికి.

"చెప్పండి బాష్కాన్. నేను మీకేం చేశాను?"

అప్పుడు ఫెరిదున్ ఫోను వైపు చూశాడు. అది ఇంకా నడుస్తోంది, ఊరంతా చూస్తోంది. వాడి కణతల మీద చెమట పట్టింది. ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, చెప్పేస్తాడేమో అనిపించింది. మనిషి మొహంలో అలాంటిదేదో కదిలింది. తర్వాత లాయరు మొహం తిరిగొచ్చింది.

"అందరికీ తెలిసిందే కదా తమ్ముడూ. కోర్టే తేల్చింది. ఆ మాటలు నువ్వన్నావు."

ఆ రోజు గొడుగుల కింద నిలబడి అరిచినవాళ్ళే అందరూ. ఎప్పుడో కరిగిపోయిన చక్కెరని చెంచాలతో గిరగిరా తిప్పుతున్నారు. నేను ఆగలేకపోయాను.

"నోళ్ళు పడిపోయాయా మీకు? ఏం రెమ్జీ, ఇవాళ కూడా వాన పడుతోందా? ఇవాళ కూడా వినపడలేదా? థూ మీ మీసాలు కాలా!"

"ముషెర్రెఫ్, ఆగు" అన్నాడు నజ్మీ.

పెళ్ళయినప్పటి నుంచి ఆ మనిషి నన్ను ఆగమనడం అదే మొదలు. ఆగిపోయాను.

"హోజా, ఇంకొకటి అడుగుతా. ఇందాక నేను హలాల్ చేసింది ఎవరికి?"

"ఇంకెవరికి నాయనా, ఫెరిదున్ బేకి. చేసింది మళ్ళీ వెనక్కి తీసుకోకూడదు, చూడు..."

"వెనక్కి తీసుకోవట్లేదు. నేను హలాల్ చేసింది ఆ మాటలు తను పలికి, నన్ను లోపలికి పంపించి, మా అమ్మ పేటికకి భుజం పట్టినవాడికి. ఈయనేమో ఆ మనిషి తను కాదంటున్నాడు. మరి ఈయనకి నేను ఇచ్చింది ఏముంది? ఏమీ లేదు. ఆ మనిషి వస్తే చెప్పండి. నేను ఇక్కడే ఉంటా."

హోజా టీ గ్లాసు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎర్జుమెంత్ ఫోను దించేశాడు. "లైవ్ కట్ చెయ్యి, కట్ చెయ్యి!" అని వాడికి వాడే చెప్పుకుంటున్నాడు. ఫెరిదున్ బల్ల అంచు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. రంగు మారిపోయింది. నిజమైన నొప్పో, అవమానమో నాకు తెలియదు. జాలిపడాలేమో, నాకు రాలేదు. నేను వాడికి దారిచ్చాను, అంతే.

వాణ్ణి పట్టుకుని తీసుకెళ్ళి బస్సు ముందు సీట్లో కూర్చోబెట్టారు. పాట ఆపేశారు. ఖాళీ గ్లాసులు ఏరడానికి నజ్మీ బయట బల్లల దగ్గరికి వెళ్ళాడు, నేను గుడ్డ తీసుకుని వెనకే వెళ్ళాను. బస్సు అద్దం కిందికి దిగింది.

"నజ్మీ! ఒక్కసారి ఇటు రా."

నజ్మీ వెళ్ళాడు. నేనూ వెళ్ళాను, నన్ను ఎవరాపుతారు? ఫెరిదున్ అటూ ఇటూ చూసి తల బయటికి పెట్టాడు. వాడి ఊపిరి గురగురమంటోంది. గొంతు ఎంత తగ్గించాడంటే, పక్కనే ఉన్న నాకే అతికష్టం మీద వినపడింది.

"ఆ మాటలు నావే నజ్మీ. నావే. నువ్వు ఏమీ అనలేదు. రేపు నా ఛాతీ కోస్తారురా, భయంగా ఉంది. ఇప్పుడు చెయ్యి. హలాల్ చెయ్యి."

తొమ్మిదేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట. ఎలా వస్తుందో ఎన్ని రకాలుగా ఊహించుకున్నానో! నిజం చెప్తున్నాను, అడిగింది నన్నయితే అక్కడే, ఆ కిటికీ దగ్గరే, ఏడ్చి వదిలేసేదాన్ని. ఇంతకాలం వాణ్ణి తిట్టి పోసిన నేనే!

నజ్మీ చెయ్యి లోపలికి పెట్టి, డ్యాష్‌బోర్డు మీద కొక్కేనికి వేలాడుతున్న మైకు తీసి, స్విచ్ నొక్కి, వాడి ఒళ్ళో పెట్టాడు. పైన లౌడ్‌స్పీకర్లు కీచుమన్నాయి. అంగడిలోవాళ్ళు బయటికి తొంగి చూశారు.

"ఆ రోజు ఇందులో అన్నారు బాష్కాన్. ఇవాళ కూడా ఇందులోనే అనండి."

ఫెరిదున్ మైకు చేతిలోకి తీసుకున్నాడు. వాడి ఊపిరి ఊరంతా వినపడింది. ఒకసారి, ఇంకొకసారి. తర్వాత స్విచ్ కట్టేసి, అద్దం పైకెత్తేశాడు.